రాజుగారి పండగకు పోయిన విత్తనం

మా ఊళ్లో ఒక ముసలామెను అందరూ గింజలామె అంటారు. ఇప్పటి పిల్లలు ఆమె ఎప్పుడో గింజలు అమ్ముకుని బతికింది కాబోలు అనుకుంటారు. కాదు. విత్తనం కోసం వొలిచిన వేరుశెనగ్గింజలు దొంగతనంగా తిన్నదని నలభై ఏళ్లకు ముందు మా అమ్మ మోపిన నింద అది. ఆమె తినలేదు. ఆ గింజలు ఎక్కడికి పోయాయో అన్నేళ్లూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అవి రాజుగారి పుట్టినరోజుకు పోయాయి. తీసుకుపోయింది నేను.

నేను చదివింది మూడో తరగతి. అది కూడా కన్నడంలో. ఇంట్లో మాట తెలుగు, బడిలో అక్షరం కన్నడం, మా పావగడ తాలూకాలో అదేమీ కొత్త కాదు. తెలుగు అక్షరాలు తర్వాత అంగట్లో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదివి నేర్చుకున్నాను. పొట్లం కాగితం పారేయడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఇది రాస్తున్నది కూడా మనవరాలి పాత నోటుబుక్కులో మిగిలిన ఖాళీ పేజీల్లో. అందంగా రాయలేను. జరిగింది జరిగినట్టు రాయగలను.

నా చిన్నప్పుడు మాకు రాజు ఉండేవాడు. మైసూరు రాజు. ఆయన మా ఊరికి ఎప్పుడూ రాలేదు, వచ్చే పనీ లేదు. కానీ బడిలో ఆయన పటం ఉండేది. దుమ్ము పడకుండా మా మేష్ట్రు దానికి గుడ్డ కప్పి, శుక్రవారం మాత్రం తీసేవాడు. జరీ తలపాగా, చెవులకు పోగులు, మెడ నిండా ముత్యాలు. నేను ఆ ముత్యాలు లెక్కపెట్టబోయేదాన్ని. ఒక వరుస అయ్యేలోపే మేష్ట్రు గుడ్డ కప్పేసేవాడు.

ఏడాదికొకసారి, ఆషాఢంలో, ఆయన పుట్టినరోజు. ఆ రోజుకు బడి గోడలకు సున్నం కొట్టించేవారు. ముందురోజు ఆడపిల్లలం నలుగురం బడి అలికి ముగ్గులు వేసేవాళ్లం. మొగపిల్లలు మామిడాకు కోసుకొచ్చేవాళ్లు. ఎద్దులబండి కడిగి, దాని మీద కుర్చీ వేసి, కుర్చీలో పటాన్ని కూర్చోబెట్టి ఊరంతా తిప్పేవాళ్లు. ముందు తప్పెట, వెనక మేము. బండి వస్తుంటే ఆడవాళ్లు వాకిట్లో నీళ్లు చల్లి హారతి ఇచ్చేవాళ్లు. దేవుడికి చేసినట్టే. చివర బండి బడి ముందు ఆగుతుంది. రాజును చల్లగా చూడమని అమ్మవారిని వేడుకునే పాట ఒకటి ఉండేది. ఒక పిల్ల ముందు నిలబడి పాడితే మిగతావాళ్లు అందుకోవాలి. పాట అయ్యాక తలా ఒక శెనక్కాయ ఉండ చేతిలో పెట్టేవాళ్లు.

ఆ పాటలో ఒక్క ముక్క నాకు అర్థమయ్యేది కాదు. అయినా నా గొంతు దానికి సరిపోయింది. మూడో తరగతిలో ఉన్న ఏడు మేష్ట్రు నన్ను ముందు నిలబడి పాడమన్నాడు. అంతకుముందు నన్నెవరూ దేనికీ ముందు నిలబడమనలేదు. ఇంట్లో నేను నీళ్లు మోసే పిల్లను, అంతే.

కానీ ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. ఎప్పుడూ ఉండలకు గింజలిచ్చే ఇంటివాళ్లు ఈసారి మా వల్ల కాదన్నారు. మేష్ట్రు నన్ను పిలిచి, మీ ఇంట్లో కాయలున్నాయి కదా, ముందు పాడేది నువ్వే కదా, రెండు సేర్ల గింజలు మీ అమ్మనడిగి తెమ్మన్నాడు. గద్దించి చెప్పలేదు. తేలేకపోతే ఊరి లెక్కలు రాసే శానుభోగుల ఇంటి పాప తెస్తానంటున్నది, ఆమెకూ పాట వచ్చు అని మాత్రం అన్నాడు. నాకు అది చాలు.

మా ఇంట్లో కాయలున్న మాట నిజమే. మూడు మూటలు. అవి విత్తనం కాయలు. మా అమ్మ వాటిని అటక మీద వేపాకు మధ్య దాచి, నిచ్చెన తీసి పక్కింట్లో పెట్టించేది. మా నాయన ఎద్దుల సంగతి చూసుకునేవాడు, విత్తనం సంగతి అమ్మది. రాజుగారి పండగకు అని నేను అడిగితే ఆమె తల కూడా ఎత్తలేదు.

“నీ రాజుకు పుట్టినరోజు యేడాదికొకటి వస్తాది. నాకు వాన ఎప్పుడొస్తాదో నాకే తెలీదు. విత్తనం ముట్టేది లేదు” అంది.

ఆ వారమే కాయలు దించి వొలవడం మొదలుపెట్టాం. తెలియనివాళ్ల కోసం చెప్తాను. కాయల మీద నీళ్లు చిలకరించి కొంచెం మెత్తబడనిస్తారు. తర్వాత బొటనవేలితో నొక్కితే కాయ రెండు చెక్కలవుతుంది. పొట్టు పక్కకు, గింజ చేటలోకి. సాయంత్రానికి గోరు కింద పుండు పడుతుంది. వొలిచేటప్పుడు గింజ నోట్లో వేసుకోవడం చాలా తేలిక. రోజంతా ఆకలితో కూర్చున్న మనిషి ముందు చేట నిండా గింజలుంటే ఏం చేస్తుంది? అందుకని మా అమ్మ ఒక పద్ధతి పెట్టింది. మా అమ్మ ఒక్కతే కాదు, ఆ కాలంలో కాయలున్న ఇళ్లలో చాలామంది పెట్టేవాళ్లు. వొలిచినంతసేపూ నోరు వినపడుతుండాలి. మాట్లాడండి, పాడండి, తిట్టుకోండి, మీ ఇష్టం. నోరు ఆగితే నమిలినట్టు లెక్క. మా అమ్మ లోపల రాగులు విసురుతూ కూడా చెవి ఇటే పెట్టేది. “ఏమ్మే, నీ నోరు వినపడలేదే” అని అక్కడి నుంచే అడిగేది.

మాకు తోడు వొలవడానికి వీధి చివరింటి ఆమె వచ్చేది. నేను అత్తా అని పిలిచేదాన్ని. అప్పటికి ఆమెకు ముప్పై కూడా ఉండవు. మొగుడు జ్వరంతో పోయాడు. ఇంట్లో కళ్లు కనపడని అత్తగారు. వొలిచినందుకు పగిలిన గింజలు, పొయ్యిలోకి పొట్టు తీసుకుపోయేది. ఎండాకాలం చివర ఆ ఇంటి పొయ్యి వెలిగేది దాని మీదే. నోరు వినపడడం అనే పద్ధతి ఆమెకు కష్టమే కాదు. ఆమె మాట్లాడుతూనే ఉండేది. ఊళ్లో ఎవరి ఎనుము తప్పిపోయింది, ఎవరి కోడలు పుట్టింటికి పోయి రాలేదు, అన్నీ ఆమె నోటనే వినాలి. మా అమ్మ ఆమెను పిలిచేది అందుకే. నోరు ఆగని మనిషి విత్తనం తినదు అనేది.

నేను పాట పాడుతూ వొలిచేదాన్ని. రాజుగారి పాట. పండగకు ఎలాగూ నేర్చుకోవాలి కదా. మా అమ్మకు అది బాగా నచ్చింది. పాడుతున్నంతసేపూ నా వైపు చూసేదే కాదు. నోరు వినపడుతోంది, ఇంక చూడడం దేనికి? నేను పాడుతూ, చేట వెనక, ఒక్కొక్క పిడికెడు లంగా నడుము మడతలోకి జార్చుకున్నాను. మూడు రోజులు. నీళ్లకు పోయేటప్పుడు దాన్ని గడ్డివాము వెనకున్న పాత కుండలో పోసేదాన్ని. ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. అదొకటి గొప్పగా చెప్పుకోవడం కాదు. పట్టుబడితే అమ్మ నోరు తెరిపించి చూస్తుందని భయం.

రెండో రోజు పాట బాగా కుదిరింది. పైస్థాయికి పోయే చోట అప్పటిదాకా గొంతు చీలేది, ఆ రోజు చీలలేదు. నేను రెండుసార్లు, మూడుసార్లు పాడాను. అత్త మాట్లాడడం ఆపేసింది. చేతులు వొలుస్తూనే ఉన్నాయి, తల కొంచెం పక్కకు వంచి వింటూ ఉంది. ఎంతసేపు విన్నదో తెలియదు. లోపల విసుర్రాయి కూడా ఆగింది. మా అమ్మ కూడా పాటే వింటోందనుకున్నాను.

పండగ బాగా జరిగింది. అది ఒప్పుకోవాలి. నేను రెండు సేర్లు తెచ్చి ఇస్తే మేష్ట్రు మీ అమ్మ మంచిదన్నాడు. బండి మా ఇంటి ముందుకు వచ్చినప్పుడు మా అమ్మ పటానికి హారతి ఇచ్చింది. ఆమె చేతిలో పళ్లెం, ఎదురుగా రాజు ముత్యాలు, పక్కన నేను. బడి ముందు పాట ఎక్కడా తప్పకుండా పాడాను. ఉండ చేతిలో పెడితే బడి వెనక గోడకు ఆనుకుని ఒక్కదాన్నే తిన్నాను. అంత రుచి నేను మళ్లీ ఎరగను. ఇంటికి పోయాక అమ్మ ఈ ఏడు గింజలు ఎవరిచ్చారని అడిగింది. శానుభోగుల ఇంటివాళ్లన్నాను. ఉన్నవాళ్లు ఇస్తారు అంది.

మూడు వారాలకు వాన పడింది. మూడు మూటల కాయ వొలిస్తే మా చేనికి ప్రతి ఏడూ సరిగ్గా సరిపోయేది. నాయన నాగలి పట్టాడు, అమ్మ వెనకే సాళ్లలో గింజలు వేస్తూ నడిచింది. పొద్దు వాలే వేళకు ఆమె ఒడి ఖాళీ అయింది. చేను కొసన నాలుగు సాళ్లు మిగిలిపోయాయి. నాయన అప్పటికే దున్నేశాడు. నాలుగు ఖాళీ సాళ్లు. ఇంటికి వస్తూ దారిలో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

పొద్దున్నే అత్తను పిలిపించింది. నేను గడప దగ్గర నీళ్ల బిందె పట్టుకుని నిలబడిపోయాను.

“నాలుగు సాళ్లకు విత్తనం చాల్లేదు” అంది అమ్మ.

“కాయలో తాలు ఎక్కువుంటే తక్కువ రాదా అక్కా?”

“తాలు సంగతి నాకు తెలుసు. ఆ పొద్దు నీ నోరు వినపడలేదు.”

అత్త నవ్వింది. ఏదో వేళాకోళం అనుకుంది. “నీ కూతురు పాడతాంటే విన్న్యానక్కా. అంత బాగ పాడతాంటే నడాన నేను వాగేదేంది?”

“చేతులు ఆడతానే ఉన్నాయి. నోరు ఒకటే ఊరకుండినాదా?”

అప్పుడు ఆమెకు అర్థమైంది. ముఖంలో నవ్వు పోవడం నేను చూశాను. నా కళ్ల మీద ఒట్టు, మా ముసల్దాని మీద ఒట్టు అని ఏవేవో ఒట్లు పెట్టింది. మా అమ్మ వినిపించుకోలేదు. తిన్నది కొంత, కొంగున కట్టుకుపోయింది కొంత అని తేల్చేసింది. తేల్చే ముందు ఒక్కసారి నా వైపు తిరిగింది. ఆ మాట న్యాయంగానే అడిగింది.

“నువ్వు ఆమె పక్కనే ఉంటివి. నమిలిందా?”

ఇద్దరూ నన్ను చూస్తున్నారు. నేను లేదు అంటే చాలు. లేదు అంటే, మరి గింజలెక్కడ అని అడుగుతుంది. అందుకని ఇలా అన్నాను.

“నేను పాడతా ఉంటిని. చూడలేదు.”

అందులో ఒక్క అబద్ధపు మాట లేదు. అయినా అంతకన్నా పెద్ద అబద్ధం నేను ఈ వయసు దాకా ఆడలేదు.

ఆ రోజు నుంచి ఊళ్లో ఏ ఇంటివాళ్లూ అత్తను వొలవడానికి పిలవలేదు. మా అమ్మ ఎవరి దగ్గరికీ పోయి చాడీలు చెప్పలేదు. అడిగినవాళ్లకు చెప్పింది, అంతే. అదే చాలింది. ఆమె వొలిచే పని కోసం ఏరు దాటి నాగలమడిక దాకా నడిచేది. ఏట్లో నీళ్లెక్కడివి, ఇసకే. మధ్యాహ్నం ఆ ఇసకలో కాళ్లు కాలేవి. ఆమె కాళ్లకు కట్టుకున్న గోనెపట్టాలు నేను చూశాను. గింజలామె అన్న పేరు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఆ పేరు పలకలేదు. మా అమ్మ ఆమె పేరెత్తడమే మానేసింది.

నా బడి కూడా ఆ ఏడే ముగిసింది. అత్త రాకపోతే కలుపు తీసేదెవరు, కాయ పీకేదెవరు, వొలిచేదెవరు? ఆమె చోటు నాకు వచ్చింది. మేష్ట్రు ఇంటికి వచ్చి అడిగితే, మాకు మనిషి చాలదని అమ్మ చెప్పింది. నేను కిటికీ లోపల నిలబడి విన్నాను. ఏడవలేదు. ఎవరిమీద ఏడవాలి?

నన్ను మేనమామకు ఇచ్చి, ఆయన్ను మా ఇంటికే ఇల్లరికం తెచ్చుకున్నారు. అందువల్ల అత్తను చూడని వారం లేదు. ఎదురుపడితే ఆమె పలకరించేది, పాపా అనే పిలిచేది. నేను పలికి, పని ఉన్నట్టు నడిచిపోయేదాన్ని. రాజు పోయాడు, పటం ఎక్కడికి పోయిందో తెలియదు. కొర్రలు పోయాయి, సజ్జలు పోయాయి, చుట్టూ ఎటు చూసినా శెనక్కాయే అయింది. అరసికెరె దాకా బస్సులో పోతే రెండు పక్కలా అదే చేను. వాన పడితే అందరికీ పడాలి, లేకపోతే అందరూ పోవాలి. పోయిన ఏళ్లే ఎక్కువ. మా అమ్మ పోయింది. ఇంటి పెత్తనం, విత్తనం తాళం నా చేతికి వచ్చాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. మా ఇంట్లో కాయ వొలిచేటప్పుడు నేనూ అదే పద్ధతి పెట్టాను. నోరు వినపడుతుండాలి. పాడుతున్న మనిషి చేతులు ఏం చేయగలవో నాకన్నా తెలిసినవాళ్లు లేరు. అయినా పెట్టాను. ముప్పై ఏళ్లు పెట్టాను. “ఏమ్మే, నీ నోరు వినపడలేదే” అని మా అమ్మ గొంతుతోనే అన్నాను. విత్తనం చేతిలో ఉన్న మనిషికి భయం అట్లా ఉంటుంది. అది సాకు కాదు, ఉన్న సంగతి.

వరసగా రెండేళ్లు ఎండిపోయి మూడో ఏడు మొదలైనప్పుడు, మా బడికి కొత్త గది కట్టారు. తెరిచే రోజు పాతకాలం సంగతులు పెద్దవాళ్ల చేత పిల్లలకు చెప్పించాలని హెడ్‌మాస్టరు అనుకున్నాడు. మా మనవరాలు అప్పుడు మూడో తరగతి. మా అవ్వ రాజుగారి పండగలో పాడింది అని చెప్పి వచ్చింది. నేను ఎప్పుడో దాన్ని నిద్రపుచ్చడానికి బండి, తప్పెట, ముత్యాల సంగతి చెప్పాను. మిగతాది చెప్పలేదు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఊరంతా ఉంది. వెనక గోడవార, తల మీద కొంగు కప్పుకుని అత్త కూర్చుని ఉంది. ఆమెకు డెబ్బై దగ్గర. నేను బండి సంగతి చెప్పాను, పటం సంగతి చెప్పాను. ముత్యాలు లెక్కపెట్టబోతే మేష్ట్రు గుడ్డ కప్పేవాడంటే పిల్లలు నవ్వారు. ఉండల సంగతి వచ్చింది. ముందు వరుసలో ఒక చిన్నపిల్ల లేచి నిలబడింది.

“అవ్వా, ఉండలకు కాయలెవురిచ్చినారు?”

నేను వెనక గోడ వైపు చూడలేదు. “ఊరోళ్లు” అన్నాను.

చప్పట్లు కొట్టారు. హెడ్‌మాస్టరు ఒక శాలువ కప్పాడు. ఇంటికి వచ్చి ఆ శాలువ మడిచి పెట్టెలో పెట్టాను. ఇంతవరకూ కప్పుకోలేదు.

మరుసటి రోజు పొద్దున్నే ఒక సేరు కాయలు కొంగులో కట్టుకుని అత్త ఇంటికి పోయాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. ఏంది పాపా ఇంత పొద్దున్నే అంది. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. లంగా మడత, పాత కుండ, మేష్ట్రు, చూడలేదని నేను అన్న మాట. ఆమె ఏరడం ఆపలేదు. రాళ్లు ఒక పక్కకు, వడ్లు ఒక పక్కకు. అంతా అయ్యాక, ఆ పొద్దు నువ్వు నన్ను చూసినావా అని అడిగాను. అది తెలుసుకోవాలని నాకు నలభై ఏళ్లుగా ఉంది.

“పాట వింటా ఉంటిని. చేతులెవురు చూస్తారు?” అంది. ఒక రాయి ఏరి పక్కకు వేసి మళ్లీ అంది. “నాకెందుకు చెప్తావు పాపా? నేను తినలేదని నాకు తెలీదా? తెలియంది ఊరికి.”

నేను కొంగు ముడి విప్పబోయాను.

“ఆ కాయలు తీస్కపో. ఇవి తీసుకుంటే తిన్నట్టే అయితాది.”

తీసుకుని వచ్చేశాను.

ఆమె మాట నిన్ననో మొన్ననో చెప్పినట్టుగా చెవిలో ఉంది. అయినా దాని ప్రకారం చేయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. ఊళ్లో నా మాటకు విలువుంది. అన్నదమ్ములు చేను పంచుకుంటే నన్ను పిలుస్తారు. ఒకరి కోడలికి నీతి చెప్పాలంటే నన్ను పిలుస్తారు. ఆ విలువంతా ఎక్కడి నుంచి వచ్చిందని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. ఆ పదిహేను రోజులూ నన్ను నేనే అడిగాను. సగం మా అమ్మ నుంచి వచ్చింది. మనిషిని చూస్తే తప్పు కనిపెడుతుందని ఆమెకు పేరు. మిగతా సగం నేను చెప్పకుండా దాచినదాని మీద నిలబడింది.

మా వాకిట్లో ఆ ఏడు విత్తనం వొలిచేటప్పుడు ఆరుగురు ఆడవాళ్లున్నారు. నేనే పోయి అత్తను పిలుచుకు వచ్చాను. ఆమె రానంది. వొలవడానికే రా, ఇంకేం లేదన్నాను. ఆమె వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటే మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా కోడలు నన్ను పక్కకు పిలిచి, గింజలామెను విత్తనం దగ్గర కూర్చోబెడతారా అత్తా అని మెల్లగా అడిగింది. ఆ మాటకు జవాబు అందరికీ చెప్తాను ఉండు అన్నాను.

నిలబడే చెప్పాను. కూర్చుంటే నోరు రాదేమో అనిపించింది. రెండు సేర్లు, మూడు రోజులు, నా చేయి. మా అమ్మ తప్పు, దానికన్నా ముందు నా తప్పు. చెప్పడం అయిపోయింది. అంత పెద్ద సంగతి చెప్పడానికి అంత కొంచెం సేపే పడుతుందని నాకు తెలియదు. కాయల చప్పుడు ఆగిపోయింది. చివరికి చిన్నకోడలి వయసున్న ఒకామె, వేళాకోళాల మనిషి, అంది.

“అయితే ఇన్నేండ్లూ మనం గింజలామె అనాల్సింది రాజుగారినా?”

ఒకరిద్దరు నవ్వబోయి ఆపుకున్నారు. అత్త నవ్వలేదు. చేటలోకి చేయి పెట్టి ఒక్క గింజ తీసింది. మంచి గింజ, పగలనిది. అందరికీ కనపడేట్టు పట్టుకుని నోట్లో వేసుకుంది. ఆమెకు పళ్లు ఎక్కువ లేవు. చిగుళ్లతో నూరుతూ చాలాసేపు నమిలింది. మేమంతా ఆ నోటినే చూస్తూ ఉన్నాం. మింగాక నా వైపు తిరిగింది.

“ఇది తిన్న్యాను. ఇప్పుడను.”

ఆమె కొంగు దులుపుకుని లేచి వెళ్లిపోయింది. మళ్లీ వొలవడానికి రాలేదు, నేనూ పిలవలేదు. ఎదురుపడితే ఇద్దరం మాట్లాడుకుంటాం, మునుపటికన్నా తక్కువే. ఆ పేరు పోయిందా అంటే పోలేదు. నింద సంగతి తెలిసినవాళ్లు అనడం మానుకున్నారు. తెలియని పిల్లలు అంటూనే ఉన్నారు. ఒక్కొక్క పిల్లను ఆపి ఎంతమందికి చెప్పగలను? అందుకే రాస్తున్నాను.

ఆ ఏడు వాన రాలేదు. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. వొలిచిన గింజ ఇంక విత్తనానికి పనికిరాదు, దాచినా పురుగు పడుతుంది. భాద్రపదంలో నేనే తాళం తీసి, పెనం మీద వేయించి, ఇంట్లోవాళ్లకు పెట్టాను. విత్తనం తినకూడదని మా అమ్మ నేర్పిన చేతులతోనే పెట్టాను.

మనవరాలు గడప మీద కూర్చుని ఒడిలో గింజలు పోసుకుంది. బడిలో నేర్పిన పాటేదో పాడుతోంది. పాడుతూనే ఒక్కొక్క గింజ నోట్లో వేసుకుంటోంది. పాట ఎక్కడా ఆగలేదు, నమలడమూ ఆగలేదు. నేను అక్కడే నిలబడి చివరిదాకా విన్నాను. పాడుతూ కూడా తినొచ్చు. అంత చిన్న సంగతి మా అమ్మకు తెలియలేదు. ముప్పై ఏళ్లు నాకూ తోచలేదు.